పన్నెండు రంగులు

నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ,
బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు,
పసుపు, ఊదా, గులాబి.
పన్నెండోదానికి తెలుగులో పేరు లేదన్నాడు
రాజమండ్రిలో మాకు పని నేర్పినాయన.
వెనక బెంచీలోంచి నేలపూడి సువార్తరాజు, రాగితీగల కాలం మనిషి,
లేచి నిలబడి మరీ చెప్పాడు:
"పొద్దున్నే రేవులోంచి చూస్తే
అవతల లంక కనబడే రంగండీ అది."
అప్పట్నించీ మా జట్టులో అది లంకరంగు.

వెంట్రుకంత గాజుపోగు.
తెగినచోట దాన్ని దానికే అతికించడం నా ఉద్యోగం.

మెళ్ళో కార్డు మీద కంపెనీ పేరు అరచెయ్యంత,
నా పేరు చీమ తలకాయంత.
జీతమిచ్చేది కంపెనీ కాదు.
కంపెనీ దగ్గర పని తీసుకున్నవాడి దగ్గర పని తీసుకున్నవాడు
భీమవరంలో ఉన్నాడు, ఆయన.
అయినా మా వీధికి నేనే కంపెనీని.
రీఛార్జి రేటు పెరిగితే నేనే పెంచాను.
రొయ్యల చెరువు మీద కెమెరా ఆగితే నేనే ఆపాను.
పెళ్ళివారి ఫోను మధ్యలో కట్టయితే
సంబంధం తప్పిపోయిన పాపం కూడా నాదే.
మా ఇంట్లో మా టవరు అందదు.
మా ఆవిడ దగ్గర పోటీ కంపెనీ సిమ్ముంది,
ఈ సంగతి మీ దగ్గరే ఉంచండి.

మొన్న శ్రావణంలో
ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఇచ్చిన రోజు
కాజ్‌వే మీంచి నీళ్ళు, నీళ్ళతో పాటు మా కేబులు.
ఫోను మోగింది. టికెట్ నంబరు.
గుర్గావ్ పిల్ల, హిందీలో, నాలుగు గంటలంది,
దాటితే గంటకింతని కోత.
ఆమె తెర మీద రోడ్డు తిన్నగా ఉంది.
మేడమ్, ఆ రోడ్డు మీద ఇప్పుడు పడవ నడుస్తోంది, అన్నాను
నాకొచ్చిన హిందీలో.
ఓకే సర్, నాలుగు గంటలు, అంది.

మల్లాడి పోలయ్య పడవ.
అతికే మిషను యూరియా సంచిలో చుట్టి
జ్వరమొచ్చిన పిల్లాణ్ణి పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకున్నాను.
ఎర్రటి నీళ్ళు. తేలిపోతున్న గడ్డిమోపు మీద ఒక కోడి,
ఎవరినీ పట్టించుకోకుండా.

లంకలో కొబ్బరిచెట్టు మొదలికి కట్టి ఉంది
మిగిలిన కేబులు కొస.
వాన. గుత్తుల సత్యవేణి అనే ఆవిడ
అడక్కుండానే గొడుగు తెచ్చి నా చేతుల మీద పట్టింది,
తన మీద కాదు.
రంగు ఒలవాలి, స్పిరిట్టుతో తుడవాలి, తిన్నగా కొయ్యాలి,
రెండు కొసలూ మిషన్లో పడుకోబెట్టి ఊపిరి బిగబట్టాలి.
చిన్న మెరుపు.
మిషను అంకె చూపించింది:
నష్టం, సున్నా పాయింటు సున్నా రెండు.

ఆవిడ వంగి చదివింది.
నాలుగొందల అరటిచెట్లు, గెల దిగే వేళ,
నడుంలోతు నీళ్ళలో ఉన్నాయి ఆవిడవి.
"ఇంతేనాండీ నష్టం?" అంది.
వెటకారమో, ఆశో, నాకర్థం కాలేదు.
నారింజ అందుకున్నాను.

లంకరంగు దగ్గరకొచ్చేసరికి చీకటి పడింది.
ఒక్కసారిగా గట్టు పొడుగునా ఫోన్లు కూశాయి.
ఎవరూ నాకేసి చూళ్ళేదు, అందరూ మాటాడేస్తున్నారు:
నీళ్ళ పేకెట్లు పంపమని ఒకరు,
గేదెల్ని బళ్ళో కట్టేశామని ఒకరు,
ఏం లేదు, ఊరికే, గొంతు విందామని ఒకరు.
సత్యవేణి మాత్రం గొడుగు మూసి,
దులిపి, వెళ్ళిపోయింది. ఎవరికీ చెయ్యలేదు.

ఏడు గంటలు పట్టింది. మూడు గంటల కోత.
ఆలస్యానికి కారణం ఎంచుకోమంది యాప్:
రోడ్డు పనులు, కరెంటు పోవుట, సామాను కొరత, ఇతరములు.
గోదారి లేదు.
ఇతరములు నొక్కాను.

ఇంటికొచ్చి అన్నం కలుపుతుంటే
చూపుడువేలు చుర్రుమంది.
గాజు నలక.
లైటు కింద ఎంత తిప్పినా కనబడదు.
ఏ పోగుదో,
రంగు ఒలిచాక చెప్పలేం.